పోర్టబుల్ ఏసీ బిగింపు: గొట్టం, కిటికీ, గాలి దారి

పోర్టబుల్ ఏసీ కొన్నవాళ్లలో చాలామంది దాన్ని గదిలోకి దొర్లించుకుని వచ్చి, ప్లగ్గు పెట్టి, గొట్టం మూతిని కిటికీ సందులోంచి బయటికి వదిలి, బిగింపు పూర్తయిందనుకుంటారు. గోడకు కన్నం వేయనక్కర్లేదు, మెకానిక్‌ను పిలవనక్కర్లేదు అన్న మాట విని కొన్నదే కనుక వాళ్లను తప్పుపట్టలేం. నేనూ మొదటిసారి అంతే చేశాను. కిటికీ రెక్కను జానెడు జరిపి, గొట్టాన్ని అందులో ఇరికించి, మిగిలిన ఖాళీ మీదికి పరదా లాగి కూర్చుంటే, గదిలోని థర్మామీటరు రెండు గంటల్లో 33 డిగ్రీల నుంచి 32కు దిగి అక్కడే ఆగిపోయింది. మర్నాడు ఆ ఖాళీని ప్లైవుడ్ ముక్కతోనూ ఫోమ్ టేపుతోనూ మూసిన తరువాత అదే యంత్రం, అంతే ఎండలో, ఆ గదిని 27 డిగ్రీలకు తెచ్చింది. యంత్రం ఎంత మంచిదన్నది ఒక ఎత్తు. అది వదిలే వేడి గాలి ఎటు పోతోంది, దాని స్థానంలోకి ఏ గాలి వస్తోంది అన్నది మరో ఎత్తు. ఈ రెండో సంగతి తెలిస్తే బిగింపులోని ప్రతి పనికీ కారణం దానంతట అదే తెలుస్తుంది కనుక, ముందు దానితోనే మొదలుపెడతాను.

గొట్టంలోంచి పోయే వేడి, లోపలికి వచ్చే గాలి

స్ప్లిట్ ఏసీలో కంప్రెసరు, కండెన్సరు గోడకు అవతల ఉంటాయి కాబట్టి వాటి సెగ ఇంట్లోకి రాదు. పోర్టబుల్ ఏసీలో గాలిని చల్లబరిచే ఎవాపరేటరు, వేడిని వదిలే కండెన్సరు, ఫ్యాన్లు, కంప్రెసరు అన్నీ ఒకే పెట్టెలో, అదీ మనం చల్లబరచదలచుకున్న గదిలోనే ఉంటాయి. ఆ పెట్టె వేడిని మాయం చేయదు. గది గాలిలోంచి తీసిన వేడికి తాను వాడుకున్న కరెంటు వేడిని కూడా కలిపి గొట్టంలోకి నెడుతుంది. ఒక టన్ను, అంటే గంటకు 12,000 బీటీయూల (బీటీయూ వేడిని కొలిచే ప్రమాణం) సామర్థ్యమున్న యంత్రం దాదాపు 3.5 కిలోవాట్ల వేడిని గదిలోంచి తీస్తుంది. అందుకు 1.2 కిలోవాట్ల కరెంటు తీసుకుందనుకుంటే, గొట్టంలోంచి బయటికి పోవలసిన వేడి 4.7 కిలోవాట్లు. అందులో ఐదో వంతు ఏ సందులోంచో తిరిగి గదిలోకి చేరితే, యంత్రం పడిన శ్రమలో నాలుగో వంతుకు పైగా బూడిదలో పోసిన పన్నీరే.

గొట్టమే అక్కర్లేని పోర్టబుల్ ఏసీ అంటూ ఎవరైనా ఏదైనా చూపిస్తే, అది నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరిచే కూలరే తప్ప ఏసీ కాదు. ఈ తేడా తెలిసి ఉండటం ఎందుకంటే, రెండింటి నియమాలూ ఒకదానికొకటి ఎదురు: కూలరు సరిగ్గా పనిచేయాలంటే కిటికీ తెరిచి ఉంచాలి, ఏసీ పనిచేయాలంటే మూసి ఉంచాలి. కూలరు అలవాటున్న ఇళ్లలో పోర్టబుల్ ఏసీ నడుస్తున్నప్పుడు కూడా కిటికీ కాస్త తెరిచి ఉంచడం నేను చూశాను.

ఈ యంత్రాలు రెండు రకాలు. ఒంటి గొట్టం యంత్రం కండెన్సరును చల్లార్చుకోవడానికి గదిలోని గాలినే తీసుకుని, దాన్ని వేడి చేసి బయటికి పంపుతుంది. జంట గొట్టాల యంత్రం ఒక గొట్టంతో బయటి గాలిని లాగి, కండెన్సరు మీదుగా పోనిచ్చి, రెండో గొట్టంతో బయటికే వదులుతుంది. గది గాలి జోలికి దాదాపుగా పోదు. ఒంటి గొట్టం వల్ల వచ్చే చిక్కు ఎంతటిదో చిన్న లెక్కలో చూడవచ్చు. పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో 1,440 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. గొట్టం నిమిషానికి 180 ఘనపుటడుగుల గాలిని బయటికి నెడుతోందనుకుంటే, ఎనిమిది నిమిషాల్లో ఆ గదికి సరిపడా గాలి బయటికి పోయినట్టు. పోయినంత గాలీ ఎక్కడి నుంచో లోపలికి రాక తప్పదు. తలుపు కింది సందు, కిటికీ రెక్కల అంచులు, స్విచ్చు బోర్డుల వెనక గొట్టాలు, ఏది దొరికితే అందులోంచి వస్తుంది.

కాబట్టి ఒంటి గొట్టం యంత్రమున్న గదిని ఊపిరాడకుండా బిగించి మూయడం కూడా పొరపాటే. లోపలికి గాలి రాకపోతే కండెన్సరు మీదుగా పోయే గాలి తగ్గి, అది వేడెక్కి, యంత్రం తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోవచ్చు. చేయవలసినది దారి మూయడం కాదు, ఏ దారిన రావాలో మనమే నిర్ణయించడం. ఎండ తగిలే గోడవైపు సందులన్నిటినీ మూసి, ఇంటి మధ్యలో నీడపట్టున ఉన్న గది వైపు తలుపు కింద వేలెడు సందును అలాగే వదిలేస్తే, వచ్చే గాలి బయటి ఎండ గాలి కంటే కొన్ని డిగ్రీలైనా చల్లగా ఉంటుంది. అదే సమయంలో స్నానాలగదిలోనో వంటింట్లోనో ఎగ్జాస్ట్ ఫ్యానును నడిపితే అదీ గాలినే లాగుతుంది; రెండూ పోటీపడి బయటి వేడిని ఇంట్లోకి తెస్తాయి.

ఇక్కడే ప్రాణానికి సంబంధించిన ఒక మాట చెప్పాలి. గది నుంచి గాలిని బయటికి లాగే యంత్రం ఇంట్లో ఒత్తిడిని తగ్గిస్తుంది. అదే ఇంట్లో గ్యాసు గీజరుగానీ, చిమ్నీ ఉన్న పొయ్యిగానీ మండుతుంటే, పైకి పోవలసిన పొగ వెనక్కి మళ్లి ఇంట్లోకి రావచ్చు. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, రంగు ఉండదు. అలాంటి పరికరం ఉన్న చోట ఒంటి గొట్టం ఏసీని దానితోపాటే నడపకూడదు. ఇంట్లో మోనాక్సైడ్ అలారం పెట్టుకోవాలి. వీలుంటే జంట గొట్టాల యంత్రమే ఎంచుకోవడం మేలు.

కొనేముందు ఇంకొక్క సంగతి. కొన్ని పెట్టెల మీద బీటీయూ అంకెలు రెండు కనిపిస్తాయి. గొట్టం గదిలోకి వదిలే వేడినీ, బయటి నుంచి చొరబడే గాలినీ లెక్కలోకి తీసుకుని వేసినది చిన్న అంకె. అమెరికా ఇంధన శాఖ 2016లో ఖరారు చేసిన పరీక్షా పద్ధతిలో వచ్చేది అదే. గది కొలతకు సరిపోతుందా లేదా అన్నది ఆ చిన్న అంకెతోనే చూసుకోవాలి.

యంత్రం చోటు, కరెంటు

ఈ యంత్రాల బరువు సాధారణంగా 25 నుంచి 35 కిలోల దాకా ఉంటుంది. చక్రాలున్నాయి కదా అని గడప మీదుగా ఒక్కరే ఎత్తి దించడానికి ప్రయత్నిస్తే నడుం పట్టేస్తుంది, ఇద్దరు పట్టుకోవాలి. ఎప్పుడూ నిలువుగానే మోయాలి. దారిలో పడుకోబెట్టి తెచ్చి ఉంటే కంప్రెసరులోని నూనె పక్కకు జారి గొట్టాల్లోకి చేరి ఉంటుంది కాబట్టి, నిలబెట్టిన తరువాత యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఎన్ని గంటలు ఆగమన్నారో అన్ని గంటలు ఆగాలి. పుస్తకం పోయి ఉంటే ఒక పూర్తి రోజు ఆగడం క్షేమం.

యంత్రానికి చుట్టూ, ముఖ్యంగా గాలి పీల్చే జాలీల వైపు, అర మీటరు ఖాళీ ఉండాలి. పరదా అంచు వెనక జాలీకి అతుక్కుంటే గాలి సగం ఆగిపోతుంది. నేల సమంగా లేకపోతే లోపలి నీటి పళ్లెం ఒకవైపు నిండి, నిండకముందే నిండినట్టు హెచ్చరిక వస్తుంది. చాలా కొత్త యంత్రాల్లో చల్లబరచడానికి లోపల తిరిగే గ్యాసుగా ఆర్-290 అనే వాయువు వాడుతున్నారు. అది ప్రొపేన్, మండే గుణమున్నది. అందువల్ల యంత్రం వెనక రాసి ఉన్న కనీస గది వైశాల్యం కన్నా చిన్న గదిలో దాన్ని పెట్టకూడదు, దగ్గరలో మంట ఉండకూడదు, దాని ఒంటికి మేకుగానీ డ్రిల్లుగానీ తగలనివ్వకూడదు.

కరెంటు విషయంలో నియమం ఒక్కటే: ఎర్తింగు ఉన్న 16 ఆంపియర్ల పవర్ సాకెట్టుకు యంత్రం తాలూకు తీగను నేరుగా పెట్టాలి. 230 వోల్టుల దగ్గర 1,200 వాట్ల యంత్రం తీసుకునేది సుమారు 5.2 ఆంపియర్లే కదా, చిన్న ప్లగ్గు చాలదా అనిపించవచ్చు. కానీ కంప్రెసరు మొదలయ్యే క్షణంలో అంతకు చాలా రెట్లు లాగుతుంది, ఆపైన గంటల తరబడి ఆగకుండా నడుస్తుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లోని సన్నని తీగలు, వదులైన పలకలు ఆ భారాన్ని తట్టుకోవు. అరగంట నడిచాక ప్లగ్గు తల మీద వేలు పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. వేలు ఉంచలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపి, సాకెట్టును ఎలక్ట్రీషియన్‌తో మార్పించాలి.

కిటికీ

అసలు శ్రమంతా ఇక్కడే. యంత్రంతో వచ్చే కిటికీ సామాగ్రి పక్కకు జరిగే రెక్కలున్న కిటికీలకూ, పైకీ కిందికీ జరిగే వాటికీ తయారైనది. ఒకదానిలోకి ఒకటి దూరే రెండు మూడు ప్లాస్టిక్ పలకలు, వాటిలో ఒకదానికి గొట్టం మూతి పట్టే రంధ్రం, బిగించడానికి ఒకటి రెండు స్క్రూలు ఉంటాయి.

పక్కకు జరిగే కిటికీ అయితే ముందు కింది పట్టాలోని దుమ్మును పాత పళ్ల బ్రష్షుతో పూర్తిగా తీసేయాలి, లేకపోతే పలక సరిగ్గా కూర్చోదు. పట్టా నుంచి పట్టా దాకా ఎత్తు కొలిచి, పలకలను ఆ ఎత్తుకు లాగి, స్క్రూతో బిగించి, చట్రానికి ఆనించి నిలబెట్టి, రెక్కను దాని మీదికి జరపాలి. పలక అంచులకు నాలుగువైపులా ఫోమ్ టేపు అంటించి ఉంటే రెక్క దాన్ని నొక్కి మూసుకుంటుంది. ఇంతవరకు అందరూ చేస్తారు. చాలామంది కంటికి ఆనని సందు మరొకటి ఉంది. రెక్క పూర్తిగా మూసుకున్నప్పుడు రెండు రెక్కల అంచులూ మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. పలక కోసం ఒక రెక్కను జరిపిన క్షణంలో ఆ పట్టు వదిలి, రెండు అద్దాల మధ్య కింది నుంచి పై దాకా వేలు దూరేంత ఖాళీ ఏర్పడుతుంది. పలక దగ్గర ఎంత జాగ్రత్త పడినా, నిలువునా ఉన్న ఆ చీలికలోంచి వేడి గాలి ధారగా వస్తూనే ఉంటుంది. ఫోమ్ కడ్డీనిగానీ, మడిచిన ఫోమ్ పట్టీనిగానీ అందులో కింది నుంచి పై దాకా దట్టించాలి. రెక్కకు ఇక గడియ పడదు కాబట్టి, పట్టాలో సరిపడా పొడవున్న కర్రముక్కను అడ్డుపెడితే బయటి నుంచి ఎవరూ జరపలేరు.

తలుపులా తెరుచుకునే రెక్కల కిటికీకి ఈ పలకలు పనికిరావు. దీనికోసం జిప్పు ఉన్న గుడ్డ ముసుగులు దొరుకుతాయి. వాటిని వెల్క్రో పట్టీలతో చట్రానికీ రెక్కకూ అంటించి, జిప్పు తెరిచిన చోట గొట్టం మూతిని దూరుస్తారు. అద్దెకున్న ఇంట్లో, ఒక్క వేసవికి, ఇది సులువైన దారి. అంటించేముందు చట్రాన్ని స్పిరిట్‌తో తుడిచి, పట్టీ అంటుకున్నాక ఒక రోజు ఆగి గుడ్డ తగిలించాలి, లేకపోతే ఎండ వేడికి జిగురు జారి రెండో వారానికే ఊడి వేలాడుతుంది. గుడ్డ పలచన కాబట్టి దాన్ని దాటి కొంత వేడి లోపలికి వస్తుంది, గాలి గట్టిగా వీస్తే తెరచాపలా ఉబ్బుతుంది. సొంత ఇల్లు అయితే, లేదా ఒకటి కంటే ఎక్కువ వేసవులు వాడదలిస్తే, గట్టి పలక చేయించుకోవడమే నా అభిప్రాయంలో సరైన పని.

ఆ పలకను ఇలా చేయాలి. కిటికీ రెక్క ఒకటి తెరిచి, ఆ చట్రం లోపలి వెడల్పును పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలవాలి, ఎత్తునూ అలాగే. చట్రాలు చూడటానికి సరిగ్గానే ఉన్నా కొలిస్తే అరుదుగా సమానంగా ఉంటాయి. వచ్చిన అంకెల్లో అన్నిటికన్నా చిన్నదాన్ని తీసుకుని, దానిలోంచి 4 లేదా 5 మిల్లీమీటర్లు తగ్గించాలి; ఆ ఖాళీని ఫోమ్ టేపు నింపుతుంది. ముందు అట్టముక్కను ఆ కొలతకు కత్తిరించి చట్రంలో పెట్టి చూసుకుంటే, ఖరీదైన పలకను పాడుచేసుకునే బాధ తప్పుతుంది. వెలుతురు అక్కర్లేని చోట 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు, బయటివైపుకూ అంచులకూ రంగు వేస్తే వానకు పొరలు విడవవు. వెలుతురు కావాలంటే 5 మిల్లీమీటర్ల యాక్రిలిక్ లేదా పాలికార్బొనేట్ షీటు వాడాలి. అద్దానికే రంధ్రం పెట్టిద్దామనుకుంటే, టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) అద్దానికి అది కుదరదని గుర్తుంచుకోవాలి. తయారైన తరువాత కోస్తే మొత్తం పొడిపొడిగా రాలిపోతుంది.

రంధ్రం ఏ ఎత్తులో ఉండాలన్నది యంత్రాన్ని కిటికీ పక్కన పెట్టి, గొట్టాన్ని చేత్తో పట్టి చూసి నిర్ణయించాలి. గొట్టం యంత్రం వెనక నుంచి బయలుదేరి ఒకే ఒక్క మెల్లని వంపుతో, కొద్దిగా పైకి ఎక్కుతూ చేరగలిగే చోటే రంధ్రానికి తగిన చోటు. అక్కడ గొట్టం తాలూకు మూతిచట్రాన్ని పలక మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసి, గీతకు 2 మిల్లీమీటర్లు బయటగా కోయాలి. ముందు గీత లోపల డ్రిల్లుతో ఒక కన్నం వేసి, అందులోకి జిగ్‌సా బ్లేడు దించి గుండ్రంగా తిప్పుకుంటూ రావాలి. యాక్రిలిక్ మీది కాగితం పొరను కోత పూర్తయ్యేదాకా తీయకూడదు. జిగ్‌సాను నెమ్మదిగా నడపాలి. తొందరపడితే బ్లేడు వేడికి యాక్రిలిక్ కరిగి, కోసిన గీత వెనకాలే మళ్లీ అతుక్కుంటుంది, లేదా మూల నుంచి పగులు సాగుతుంది. కోసిన అంచును ఇసుక కాగితంతో నున్నగా చేసి, మూతిచట్రాన్ని బిగించి, చుట్టూ సన్నగా సిలికాన్ రాయాలి. పలకను చట్రంలో నిలపడానికి నాలుగువైపులా తిరిగే చిన్న బిళ్లలు బిగిస్తే, వేసవి అయ్యాక పలకను తేలిగ్గా తీసేయవచ్చు.

బయటివైపు వాన నీరు రంధ్రంలోకి రాకుండా కిందికి వంగిన చిన్న టోపీ ఉండాలి. పక్షులూ బల్లులూ దూరకుండా సుమారు ఒక సెంటీమీటరు కన్నులున్న జాలీ పెట్టుకోవచ్చు. దోమతెర మాత్రం అడ్డు ఉండకూడదు. సన్నని కన్నులు గాలిని ఆపుతాయి, పైగా గొట్టంలోంచి వచ్చే నూగు వాటిలో చిక్కుకుని కొన్ని వారాల్లోనే దోమతెర అట్టలా తయారవుతుంది. కిటికీకి ఇనుప ఊచలు ఉంటే పలకను వాటికి ఇవతల, గది వైపు బిగించి, రంధ్రం నడిమి భాగం రెండు ఊచల మధ్య ఖాళీకి ఎదురుగా వచ్చేలా చూసుకోవాలి. సన్నని ఊచ ఒకటి అడ్డు వచ్చినా నష్టం కొంచెమే. గొట్టం కోసమని ఊచను కోయించడం మాత్రం వద్దు.

జంట గొట్టాల యంత్రానికి రెండు రంధ్రాలు కావాలి. వాటిని పక్కపక్కనే పెడితే ఒకటి వదిలిన వేడి గాలిని రెండోది పీల్చుకుంటుంది కనుక, పలక అనుమతించినంత దూరంగా పెట్టాలి. ఒకదానిపై ఒకటి పెట్టవలసి వస్తే వేడి గాలి పోయేది పైన ఉండాలి.

కిటికీయే లేని గదిలో గొట్టాన్ని ఎటో ఒకవైపు మళ్లించాలన్న ఆశ పుడుతుంది. ఫాల్స్ సీలింగు పైకి వదిలితే ఆ వేడీ తేమా నెత్తిమీదే ఉండిపోయి, బూజుపట్టి, మెల్లగా కిందికే దిగుతాయి. స్నానాలగదిలోకో వసారాలోకో వదిలితే అదే గాలి తలుపు కింది నుంచి తిరిగి వస్తుంది. పొయ్యి చిమ్నీలోకి వదలడం ప్రమాదం. బట్టలు ఆరబెట్టే యంత్రం కోసం గోడలో ఉన్న 10 సెంటీమీటర్ల గొట్టానికి కలుపుదామా అంటే, దాని వైశాల్యం 15 సెంటీమీటర్ల గొట్టం వైశాల్యంలో సగం కూడా ఉండదు, కండెన్సరుకు ఊపిరాడదు. గోడలో తీగలూ దూలాలూ లేని చోటు చూసి, బయటికి కొద్దిగా వాలుగా, గొట్టానికి సరిపడా రంధ్రం వేయించడం ఒక్కటే నిజమైన మార్గం.

గొట్టం

గొట్టం యంత్రంతో ముడుచుకుని వస్తుంది, లాగితే ఒకటిన్నర మీటర్ల దాకా సాగుతుంది. సాగుతుంది కదా అని మొత్తం లాగకూడదు. కిటికీకి చేరడానికి ఎంత కావాలో అంతే సాగదీయాలి. రెండో గొట్టం కొని అతికించి దూరం పెంచడం పనికిరాదు. లోపలి ఫ్యాను ఆ ఒక్క గొట్టం పొడవును లెక్కలో పెట్టుకునే తయారైంది. మెలికలు, పాములాంటి వంపులు, మంచం కాలి కింద నలిగిన చోట్లు కూడా పొడవు పెంచినంత చెరుపే చేస్తాయి.

నడుస్తున్న గొట్టం మీద చెయ్యి పెట్టి చూస్తే దాని సంగతి తెలుస్తుంది. 15 సెంటీమీటర్ల వ్యాసం, ఒకటిన్నర మీటర్ల పొడవు ఉన్న గొట్టం ఉపరితలం, ముడతలను లెక్కపెట్టకపోయినా, 0.7 చదరపు మీటర్లు. అంత వెచ్చని తలం చల్లబరుస్తున్న గది నడుమ నిలబడి సెగను వెదజల్లుతోందన్న మాట. రేకు పూత ఉన్న ఇన్సులేషన్ పట్టీని దాని చుట్టూ చుట్టి, చివరలను అల్యూమినియం టేపుతో అంటిస్తే ఈ నష్టం బాగా తగ్గుతుంది. బిగింపులో ఇంత తక్కువ శ్రమకు ఇంత ఫలితమిచ్చే పని మరొకటి లేదు. పాత దుప్పటి చుట్టడం మాత్రం వద్దు, అది జారిపోయి గాలి పీల్చే జాలీకి అడ్డుపడుతుంది. గొట్టం యంత్రాన్ని కలిసే చోట, మూతిచట్రాన్ని కలిసే చోట కూడా అల్యూమినియం టేపే వాడాలి. గుడ్డ టేపు జిగురు ఆ వేడికి ఎండి వదిలేస్తుంది.

నీళ్లు

గాలిలోని తేమ ఎవాపరేటరు మీద నీరై కారుతుంది. చాలా యంత్రాలు ఆ నీటిని వేడిగా ఉన్న కండెన్సరు మీద చల్లి, ఆవిరిగా గొట్టంలోంచే పంపేస్తాయి, కాబట్టి పొడి వాతావరణంలో నీళ్లు పారబోసే పనే పడదు. ఉక్కపోత రోజుల్లో వచ్చే నీరు అంతకు మించి ఉంటుంది. పళ్లెం నిండి, యంత్రం నిండిన గుర్తు చూపించి ఆగిపోతుంది. అప్పుడు యంత్రాన్ని ఆపి, వెనక అడుగున ఉన్న రబ్బరు బిరడా తీసి కింద పెట్టిన వేరే పళ్లెంలోకి నీళ్లు వదలాలి. రోజూ నిండుతుంటే అక్కడ సన్నని గొట్టం తగిలించి ఎడతెగకుండా పోనివ్వడం మేలు. ఆ గొట్టం మొదటి నుంచి చివరి దాకా కిందికే దిగాలి; మధ్యలో ఒక్కచోట గూనిలా లేచినా నీరు అక్కడే ఆగి వెనక్కి తన్నుతుంది. దిగే దారి లేకపోతే యంత్రాన్ని గట్టి పీట మీద పెట్టడమో, చిన్న డ్రెయిన్ పంపు వాడటమో చేయాలి. ఒకసారి నేను బిరడాను సరిగ్గా నొక్కకుండా పడుకుని, తెల్లారి లేచి చాప మీద కాలు పెడితే మడమ దాకా చల్లగా తగిలింది. అప్పటి నుంచి బిరడాను నొక్కాక దాని కింద కాగితం ముక్క ఒకటి ఉంచి, పది నిమిషాల తరువాత తడిసిందేమో చూస్తున్నాను.

నడిపి చూడటం

అన్నీ బిగించాక తలుపులు మూసి, కూలింగ్‌లో పెట్టి యంత్రాన్ని నడపాలి. కంప్రెసరు వెంటనే మొదలుకాదు, సుమారు మూడు నిమిషాలు ఆగుతుంది. అది లోపం కాదు. పదిహేను నిమిషాలయ్యాక ఒక అగరువత్తి వెలిగించి, కిటికీ పలక అంచుల వెంబడి మెల్లగా తిప్పాలి. ఆర్-290 యంత్రమైతే వత్తిని దానికి దగ్గరగా తీసుకుపోకుండా కిటికీ వరకే ఉంచాలి. సందు లేని చోట పొగ దారంలా నిటారుగా లేస్తుంది. సందు ఉన్న చోట అది ఒక్కసారి గది లోపలికి వంగుతుంది. వంగిన ప్రతి చోటా ఫోమ్ దట్టించి మళ్లీ తిప్పి చూడాలి. చివరికి వత్తిని తలుపు కింద మనం కావాలని వదిలిన సందు దగ్గరికి తీసుకుపోతే, పొగ అక్కడ మాత్రమే గట్టిగా లోపలికి వాలాలి. నేను బిగించిన కిటికీల్లో ఒక్కటి కూడా మొదటి తిప్పులో నెగ్గలేదు.

తరువాత ఒక థర్మామీటరును యంత్రం గాలి పీల్చే జాలీ దగ్గర, ఆ తరువాత చల్లగాలి వచ్చే నోటి దగ్గర, రెండు చోట్లా కొన్ని నిమిషాల చొప్పున ఉంచాలి. రెండింటి మధ్య 8 నుంచి 12 డిగ్రీల దాకా తేడా ఉంటే యంత్రం తన పని తాను చేస్తోందన్న మాట. తేడా అంత ఉండి కూడా గది చల్లబడకపోతే తప్పు కిటికీదో, గొట్టానిదో, గదికి సరిపోని బీటీయూ అంకెదో. తేడాయే తక్కువగా ఉంటే ముందు ఫిల్టరు తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోవాలి. అవతల వెలుగు కనబడనంత దుమ్ము పట్టి ఉంటే కారణం అదే. రెండు వారాలకొకసారి ఫిల్టరును గోరువెచ్చని నీటితో కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి పెట్టాలి. ఫిల్టరు శుభ్రంగా ఉండి, గొట్టం నలగకుండా ఉండి, అయినా తేడా రాకపోతే గ్యాసు సంగతి చూడవలసినది మెకానిక్కే.

గది కాగిపోయాక నడిపితే గోడలూ పరుపూ దాచుకున్న వేడినంతా తీయవలసి వస్తుంది కనుక, ఎండ ముదరకముందే మొదలుపెట్టి, ఎండ పడే కిటికీల పరదాలు వేసి ఉంచాలి. సీలింగ్ ఫ్యానును తక్కువ వేగంతో తిప్పితే చల్లగాలి యంత్రం ముందే నిలిచిపోకుండా గదంతా పరుచుకుంటుంది.

వేసవి అయిపోయాక లోపలి నీళ్లన్నీ వదిలేసి, ఎండగా ఉన్న రోజు చూసి రెండు మూడు గంటలు ఫ్యాను మీద మాత్రమే నడిపి, లోపల ఆరనివ్వాలి. తడిగా దాచిన యంత్రం మరుసటి ఏడు ముక్కవాసన కొడుతుంది. గొట్టాన్ని విప్పి, నలగకుండా నిలువుగా ముడిచి పక్కన పెట్టాలి. పలకను కిటికీకే ఉంచేస్తే రంధ్రానికి లోపలివైపు నుంచి మూత బిగించాలి, లేకపోతే వానాకాలం వచ్చేసరికి ఆ వెచ్చని సొరంగంలో కందిరీగలు గూడు కడతాయి.